రెండు వేళ్ళ తెలుపు

కోపెన్‌హాగెన్,
ఏప్రిల్ 9, 1961.

ప్రియమైన మాలన్ అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. నాలుగు వాక్యాలు. ఒకటి గాలివాన గురించి, ఒకటి గొర్రెల ఈతల గురించి, ఒకటి ఆదివారం పాడిన కీర్తన. నాలుగోది "ఒళ్ళు జాగ్రత్త". మన ఫారో ద్వీపాల్లో మాంసాన్నే కాదు, ఉత్తరాలను కూడా గాలికి ఎండబెట్టి పంపుతారని ఇక్కడి స్నేహితులకు చెప్పాను. చాలాసేపు నవ్వారు.

ఇక నా విశేషం. ఈ ఏడాది ఓలావ్ పండుగకు టోర్షావ్న్‌లో నా బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. పదకొండు బొమ్మలు. ఇల్లు వదిలిన ఇరవై నాలుగేళ్ళకు సొంత గడ్డ మీద మొదటిసారి. పండుగకు ద్వీపాలన్నీ అక్కడికే దిగుతాయి కదా. పడవ నడిపే ప్రతివాడూ మెడకు టై కట్టుకుని వస్తాడు. వాళ్ళకు నా బొమ్మలు అర్థమవుతాయన్న భ్రమ నాకు లేదు. అయినా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఒక సాయం కావాలి. జులై దాకా హాలు ఇవ్వరట. అందుకని పెట్టెలను ఈ వారం ఓడలో నీ దగ్గరికి పంపుతున్నాను. పడవల కొట్టం అటక మీద పెట్టి, మూతలు తీసి, కాస్త గాలి తగలనివ్వు. జులైలో మళ్ళీ మేకులు కొట్టి టోర్షావ్న్‌కు పంపితే చాలు.

వాటిలో ఏముందా అని మాత్రం వెతక్కు. అవి కొండలు కావు, కొండలు నాలో వదిలి వెళ్ళినవి. ముఖ్యంగా ఏడో నంబరు. పేరు "నాన్నతో, నీళ్ళ మీద". ప్రదర్శనకు అదే గుండెకాయ. ఎబ్బె హోల్క్ గారని ఇక్కడ పెద్ద విమర్శకుడు. దాని ముందు పావుగంట నిలబడి, "ఇందులో ఎక్కడా లేని చోటు ఉంది" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

తుమ్మాస్ అన్నయ్యను అడిగానని చెప్పు. ఉత్తరం రాయడం వాడికి చేతకాదని తెలుసు.

నీ తమ్ముడు,
జాకరిస్.

*

హెల్లావిక్,
మే 2.

చిరంజీవి జాకరిస్‌కు, ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక.

పెట్టెలు చేరాయి. ఒకటి తడిసింది. లోపలికి నీళ్ళు పోలేదు.

పదకొండూ తీసి గోడకు ఆనించాను. వెతకొద్దన్నావు. వెతకలేదు. కొన్ని వాటంతటవే దొరికాయి. మూడో నంబరు వాన. అయిదోది కూడా వానే. ఎనిమిదోది ఏమిటో నాకు తెలియలేదు. తల్లి లేని గొర్రెపిల్ల ఒకటి పైకి ఎక్కి దాని ముందు కాసేపు నిలబడింది. దానికి తెలిసిందేమో.

ఏడోదాని గురించి రాయాలి.

తుమ్మాస్ కాఫీకి వచ్చాడు. చేతిలో కప్పుతోనే అటక ఎక్కాడు. ఏడోది చూసి కప్పు కింద పెట్టాడు.

"వీడికి మతి పోయిందా అక్కా?"

"మతి కాదురా, కళ."

"కళయితే మాత్రం? నాన్న రాయికి దారి గీసి గోడకు తగిలిస్తాడా? పైగా కింద పేరొకటి!"

నువ్వు మరిచిపోయావేమో, అందుకని రాస్తున్నాను. చర్చి తెల్లగోడ సముద్రంలో నిలిచిన నల్లరాతి స్తంభం భుజం దాటి, చెయ్యి చాచి చూస్తే ఒక్క వేలెడు, బయటికి రావాలి. అదే సమయానికి జలపాతం కొండ చీలికకు నడిమధ్యన పడాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట పడవ ఆపితే, తొంభై బారల కింద నాన్న రాయి. దాని మీద హాలిబట్ చేపలు. ఆ రెండు గుర్తులూ నాన్న బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. అవతలి ఒడ్డున హానుస్ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా దుర్భిణి పట్టుకుని కూర్చున్నారు. ఎవరైనా కనిపిస్తే తుమ్మాస్ గాలం పైకి లాగి ఇంకో చోటికి పోతాడు.

నీ బొమ్మలో తెలుపు నలుపును దాటి వేలెడు బయట ఉంది. బూడిదరంగు గీత చీలికకు నడిమధ్యన ఉంది. పైగా "నాన్నతో" అని నువ్వే రాశావు. ఇంక చెప్పడానికి ఏం మిగిలింది?

ఆ ఒక్కటి ఆపు. పది పెట్టుకో.

మాలన్.

*

కోపెన్‌హాగెన్,
మే 15.

అక్కయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి నీ మీద జాలేసింది.

నేను నైరూప్య చిత్రకారుణ్ణి. ఈ మాటకు అర్థం, నా బొమ్మలో చర్చి ఉండదు. స్తంభం ఉండదు. తెలుపు అంటే తెలుపు. నలుపు అంటే నలుపు. వాటి మధ్య ఒక బిగువు ఉంటుంది. ఆ బిగువు కోసం నేను పదకొండు నెలలు తిండి మానుకున్నాను. (పూర్తిగా మానలేదు. చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, నీకు అబద్ధం ఆడలేను.) మీ ప్రార్థన కూటంలో గోడకు తగిలించే పటాలు వేరు. అందులో గొర్రె గొర్రెలాగే ఉంటుంది, కాపరి కాపరిలాగే ఉంటాడు, పైగా కింద వచనం కూడా రాసి ఉంటుంది. అవి చూసి చూసి నీకు ప్రతి బొమ్మా ఒక సైన్‌బోర్డులాగే కనిపిస్తోంది.

కోపెన్‌హాగెన్‌లో ఇరవైమంది చదువుకున్నవాళ్ళు ఆ బొమ్మ చూశారు. ఒకాయన అందులో యుద్ధం చూశాడు. ఒకావిడ తన విడాకులు చూసుకుంది. ఒక్కరికైనా చేప కనిపించలేదు.

హానుస్ సంగతా? ఆ మనిషి తన పెళ్ళి ఫొటోనే తలకిందులుగా తగిలించుకున్నా గుర్తుపట్టడు. వాడు ఆధునిక కళను చదివేస్తాడా?

ఏడో నంబరు ఉండి తీరుతుంది. జాబితాలో పేర్లు అచ్చయిపోయాయి. హోల్క్ గారు ఖర్చు పెట్టుకుని వస్తున్నారు.

ఇంకొకటి. తుమ్మాస్ అన్నాడంటే సరే, వాడు సముద్రం మీదే బతుకుతున్నాడు. నువ్వు జన్మలో వేట పడవ ఎక్కలేదు. మనూళ్ళో ఆడవాళ్ళను ఎక్కనివ్వరు. ఏ తెలుపు ఏ నలుపును ఎంత దాటాలో నీకెలా తెలుసు? వాడు చెప్పింది నువ్వు అప్పజెబుతున్నావు.

జాకరిస్.

*

హెల్లావిక్,
జూన్ 1.

జాకరిస్‌కు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు.

1938 చలికాలం. నువ్వు అక్కడ బొమ్మలు నేర్చుకుంటున్నావు. తుమ్మాస్ ఐస్‌లాండ్ వేటకు పోయిన ఓడలో ఉన్నాడు. నాన్న చెయ్యి తాడుకూ గిలకకూ మధ్య నలిగింది. ఇంట్లో పిండి అడుగంటింది. నాన్న రెండో కోటు, రెండో టోపీ నేను వేసుకున్నాను. తెడ్లు నేను వేశాను. గాలం నాన్న ఒంటిచేత్తో వదిలాడు. రెండు నెలలు. చూసినవాళ్ళు నన్ను కూలివాడనుకున్నారు. ఆ కూలివాడు బద్ధకస్తుడని హానుస్ తండ్రి అన్నాడట.

చర్చి గోడ ఎంత దాటాలో నాకు మెడ నొప్పితో సహా తెలుసు.

ఆ ఏడు నీ రంగులకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడూ దెప్పడానికి చెప్పడం లేదు. కొంచెం దెప్పడానికే. ప్రభువు క్షమించుగాక.

తుమ్మాస్ మాట. వలలు ఈడ్చే పెద్ద ట్రాలర్లు వచ్చి మిగతా చోట్లన్నీ ఊడ్చేశాయి. వాడికి మిగిలింది నాన్న రాయి ఒక్కటే. చిన్న రాయి. ఒక పడవను పోషిస్తుంది. ఆరు పడవలు దాని మీద కూర్చుంటే ఒక్క చలికాలంలో అయిపోతుంది. తరువాత వాడు పడవ అమ్ముకుని ఎవరి ట్రాలర్‌లోనో చేపల పొట్టలు కోయాలి. ఆ మాట వాడి భార్య ముందు ఎవరమూ అనం. పిల్లలు ముగ్గురు.

తీసెయ్యడం కుదరదంటే, తెలుపును రెండు వేళ్ళు తూర్పుకు జరుపు. ఎవరికి తెలుస్తుంది?

మాలన్.

*

కోపెన్‌హాగెన్,
జూన్ 14.

అక్కయ్యా,

రెండు వేళ్ళు! బైబిల్లో ఒక వచనాన్ని రెండు పేజీలు అవతలికి జరపమంటే పాస్టరుగారు జరుపుతారా? "ఎవరికి తెలుస్తుంది" అని అడుగుతున్నావు. నాకు తెలుస్తుంది! ఆ తెలుపు వెంట్రుకవాసి కదిలినా బొమ్మ చచ్చిపోతుంది. కళ్ళు మూసుకుని తడిమినా నేను గుర్తుపడతాను.

1938 సంగతి చదివి గదిలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. దాని గురించి ఇప్పుడు రాయడం లేదు.

కానీ ఒకటి నువ్వూ తెలుసుకో. నాన్న నన్ను ఆ రాయి మీదికి ఒకే ఒక్కసారి తీసుకెళ్ళాడు. నాకు పద్నాలుగేళ్ళు. బయలుదేరిన పది నిమిషాలకే కడుపులో తిప్పడం మొదలైంది. పడవ అడుగున, చేపల పక్కన, నేనూ ఒక చేపలా పడి ఉన్నాను. నాన్న తిట్టలేదు. కాలరు పట్టుకుని లేపి కూర్చోబెట్టి, "ఆ తెల్లదాన్నే చూస్తూ ఉండు. దాన్ని వదలకు. తగ్గుతుంది" అన్నాడు. రోజంతా చూశాను. నల్లదాని పక్కన తెల్లది, వేలెడు. తగ్గలేదు, కానీ చచ్చిపోలేదు. ఆయన నాతో ఓపిగ్గా మాట్లాడిన రోజు అదొక్కటే.

అది నీకు చేపల దారి. నాకు అది నాన్న. ఎవరిది పెద్దది?

జరపను. పెట్టెలు జులై పదికల్లా పంపు.

జాకరిస్.

*

హెల్లావిక్,
జులై 8.

జాకరిస్‌కు,

పెట్టెలు ఈరోజు తపాలా పడవకు ఎక్కించాను. పదకొండూ ఉన్నాయి. ఏడోది కూడా.

నీ ఉత్తరం చదివాను. నాన్న మాట నాకు తెలియదు. చెప్పినందుకు సంతోషం.

పండుగకు నేను రాను. గడ్డి కోతలు. పైగా అక్కడ నాట్యాలు. తుమ్మాస్ కూడా రానంటున్నాడు. ఆ బొమ్మ ముందు హానుస్ నిలబడటం చూస్తే తన చెయ్యి ఊరుకోదంటున్నాడు.

ఎండిన మాంసం ఒక తొడ అన్నిటికంటే చిన్న పెట్టెలో ఉంది. దాన్ని గోడకు తగిలించకు.

నీ కోసం ప్రార్థన చేశాను. నా కోసం ఎక్కువసేపు చేశాను.

మాలన్.

*

టోర్షావ్న్,
ఆగస్టు 3.

అక్కయ్యా! అక్కయ్యా!

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చోవడం చేతకావడం లేదు.

గెలిచాను. మన ద్వీపాల్లో ఇలాంటిది ఇంతవరకూ జరగలేదని అందరూ అంటున్నారు. మొదటి రోజు నగరం పెద్దలు వచ్చారు, షెర్రీ తాగారు, వెళ్ళారు. అది మామూలే. రెండో రోజు, పండుగ రోజు, పడవలవాళ్ళు వచ్చారు! తలుపు దగ్గర బూట్లు తుడుచుకుని, టోపీలు చేతిలో పట్టుకుని, చర్చికి వచ్చినట్టు. మిగతా పది బొమ్మలనూ రైల్లోంచి చూసినట్టు దాటిపోయారు. ఏడో నంబరు ముందు ఆగారు. పన్నెండుమంది మోటు మనుషులు, ఒక నైరూప్య చిత్రం ముందు, పూర్తి నిశ్శబ్దం. హోల్క్ గారు నా మోచెయ్యి గిల్లారు. "చూశావా? చదువు లేని ఆత్మ నేరుగా స్పందిస్తుంది" అన్నారు.

ఇక విను. హానుస్! అవును, మన హానుస్! అరగంట నిలబడ్డాడు. ఒక కన్ను మూశాడు. చెయ్యి చాచి, బొటనవేలు నిలబెట్టి, తెలుపుకూ నలుపుకూ మధ్య ఎడం కొలిచాడు. చిత్రకారులం మేమే అలా కొలుస్తాం! ఎవరు నేర్పారు అతనికి? తరువాత నా దగ్గరికొచ్చి టోపీ నలుపుతూ అడిగాడు.

"ఇది మీ నాన్నతో వెళ్ళినప్పటిదేనా తమ్ముడూ?"

"అవునన్నా."

"ఉన్నది ఉన్నట్టే వేశావా?"

"నా గుండెలో ఉన్నది ఉన్నట్టే వేశాను."

"గుండె సంగతి తరువాత. పొద్దుటి వెలుగా, సాయంత్రం వెలుగా?"

ఎంత సూక్ష్మమైన ప్రశ్న! పొద్దుటిదని చెప్పాను. అక్కడికక్కడే కొనేశాడు. బేరం ఆడలేదు. హానుస్, బేరం ఆడలేదు!

ఇక్కడి పత్రికలో హోల్క్ గారి వ్యాసం పడింది. కత్తిరించి పంపుతున్నాను. గీత గీసిన వాక్యం చూడు: "నలుపు నుంచి అంత దూరానికి, దాదాపు అహంకారంతో, ఒంటరిగా విడివడిన ఆ తెలుపులోనే ఈ చిత్రకారుడి ప్రతిభ అంతా ఉంది." ఆ తెలుపు, అక్కయ్యా! నువ్వు జరపమన్న తెలుపు! మన దేశపు వెలుతురు మహిమో ఏమో, కోపెన్‌హాగెన్‌లో లేని మెరుపు దానికి ఇక్కడ వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను.

హెల్లావిక్ రావాలనుకున్నాను. గాలికి పడవ తిరగలేదు. రేపు ఓడ.

నీ తమ్ముడు (పత్రికలో ఫొటో కూడా వేశారు),
జాకరిస్.

*

హెల్లావిక్,
సెప్టెంబరు 20.

జాకరిస్‌కు,

పత్రిక అందింది. ఫొటోలో సన్నబడ్డావు.

గడ్డి లోపలికి చేరింది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. అది ఒక కారణం.

హానుస్ పడవా, అతని బావమరుదుల పడవలూ, ఇంకా మూడూ, ఆగస్టు పదో తేదీ నుంచి రోజూ పొద్దున్నే చర్చి గోడను నల్లరాయికి మూడు వేళ్ళు అవతల పెట్టుకుని, నాన్న రాయికి అర మైలు తూర్పున కూర్చుంటున్నారు. అక్కడ అడుగున బురద. పిల్ల సొరలు తప్ప ఏమీ లేవు. అవి గాలాలు కొరికేస్తున్నాయి. తుమ్మాస్ వాళ్ళకు చెయ్యి ఊపి తన దారిన పోతున్నాడు.

చెప్పేశాను. నీకు అర్థమయ్యే ఉంటుంది. కాకపోతే ఇంకా నెమ్మదిగా చెప్తాను.

నువ్వు రెండు వేళ్ళు జరపనన్నావు. జూన్ ఆఖరి శనివారం నేను జరిపాను. పాత తెలుపు మీద వేసింది పడవ అడుక్కి పూసే నలుపు. కొత్త తెలుపు కిటికీ చెక్కలకు తెచ్చింది. మెరుపు దేశపు వెలుతురుది కాదు. డబ్బా మీద "వానకు చెదరదు" అని ఉంది.

హోల్క్ గారు మెచ్చుకున్న అహంకారం నాదే. పాస్టరుగారు నలభై ఏళ్ళుగా నాలో వెతుకుతున్నారు. ఆయనకు కనిపించలేదు.

ఇంకో మాట. మిగతా పదీ బాగున్నాయో లేదో నాకు తెలియదు. ఏడోది మాత్రం నిజం. అటక మీద దాని ముందు నిలబడితే నా చేతుల్లోకి తెడ్ల బరువు వచ్చింది. నాన్న దగ్గు వినిపించింది. అబద్ధమైతే దాని జోలికి పోయేదాన్ని కాను. నిజం కాబట్టే దిద్దవలసి వచ్చింది.

దేవుడితో చెప్పాను. నీతో చెప్పడం దానికంటే కష్టమైంది.

మాలన్.

*

కోపెన్‌హాగెన్,
అక్టోబరు 6.

మాలన్‌కు,

అక్కయ్యా అని పిలవబుద్ధి కావడం లేదు.

కిటికీ రంగు. పదకొండు నెలల పని మీద, నాన్న ముఖం మీద, కిటికీ రంగు!

నీకు తెలుసా, ఆ తెలుపును చూసి ముగ్గురు యువ చిత్రకారులు తమ బొమ్మల్లో తెలుపును నలుపు నుంచి దూరంగా జరుపుకున్నారు. హోల్క్ గారు దాని మీద ఉపన్యాసం ఇస్తున్నారు. నేను ముందు వరుసలో కూర్చుని తల ఊపాను. వెంట్రుకవాసి కదిలినా గుర్తుపడతానన్న నేను, దాని పక్కన నిలబడి మూడు రోజులు చేతులు కలిపాను. నువ్వు నా బొమ్మనే కాదు, నా కళ్ళనూ పాడుచేశావు. ఇప్పుడు ఏ బొమ్మ చూసినా, ఇది నిజంగా ఇక్కడే ఉండాలా అని అనుమానం.

నేను ఊరుకోను. క్రిస్మస్ ఓడకు వస్తున్నాను. హానుస్ ఇంటికి నేరుగా వెళ్తాను. ఆ నలుపు గీకేసి నా తెలుపును నా చోట మళ్ళీ పెడతాను. అతని ముందే పెడతాను. కొన్నవాడికి అసలు బొమ్మ ఇవ్వడం చిత్రకారుడి ధర్మం. ఆ తరువాత ఎవరి పడవ ఎక్కడ ఆగుతుందో అది సముద్రానికీ చేపలకూ సంబంధించిన విషయం. నాకు కాదు.

తుమ్మాస్ కూడా నీకు తోడు నిలబడి బ్రష్షు అందించాడా? ఇద్దరూ కలిసి నవ్వుకున్నారా?

జాకరిస్.

*

హెల్లావిక్,
నవంబరు 2.

జాకరిస్‌కు,

తిట్టావు. సరే. తిట్టదగ్గ పనే చేశాను.

తుమ్మాస్‌కు తెలియదు. వాడు ఆ శనివారం మందలు తోలడానికి కొండ మీదికి వెళ్ళాడు.

నువ్వే జరిపావని వాడు అనుకుంటున్నాడు. హానుస్ పడవ బురద మీద ఆగిన మొదటి రోజు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా అన్నాడు: "చూశావా అక్కా, వాడు ఒప్పుకోలేదన్నావు! మన కోసం తన బొమ్మ చెడగొట్టుకున్నాడు వెధవ!" భార్యకు చెప్పాడు. పిల్లలకు చెప్పాడు. నాన్నను పూడ్చిన రోజు నువ్వు ఓడ టైమని కాఫీకి కూడా ఆగలేదు. అప్పటి నుంచి వాడి నోట నీ పేరు రాలేదు. ఇప్పుడు "మా జాకరిస్" అంటున్నాడు. పత్రికలో ఫొటో కత్తిరించి పడవ క్యాబిన్‌లో అంటించాడు.

కాదని చెప్పవలసింది. నోరు రాలేదు. అది నా రెండో పాపం. మొదటిదానికంటే పెద్దది.

హానుస్‌కు విసుగొచ్చింది. నీకు ఉత్తరం రాస్తానని అందరితో అంటున్నాడు. నీ అడ్రసు నన్నే అడిగాడు. ఇచ్చాను.

బొమ్మ నీది. తెలుపు ఎక్కడుండాలో చెప్పే హక్కు నీది. తుమ్మాస్‌కు నిజం చెప్పే హక్కూ నీదే. వస్తే నీ గదిలో మంట వేసి ఉంచుతాను. ఏం చెయ్యడానికి వచ్చినా సరే.

మాలన్.

*

కోపెన్‌హాగెన్,
డిసెంబరు 4.

అక్కయ్యా,

హానుస్ ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మర్యాదస్థుడైన చిత్రకారుడు జాకరిస్ గారికి. బొమ్మ బాగుంది. మా ఆవిడ సోఫా పైన తగిలించింది. వచ్చినవాళ్ళు అడుగుతున్నారు. కాకపోతే తెల్లది సరిగ్గా లేదు. నేను మూడు నెలలుగా దాన్నే చూస్తున్నాను. మిగతాదంతా నమ్మకంగా ఉంది, గీత నమ్మకంగా ఉంది, తెల్లది ఒక్కటే ఎవరో పరాయివాడు వేసినట్టు ఉంది. మీరు వేసేటప్పుడు చెయ్యి జారిందా? కుడికా, ఎడమకా, ఎంత? చిన్న కాగితం మీద గీసి పంపినా చాలు. మీ శ్రమకు ఏమివ్వమంటే అది ఇస్తాను."

పాతికేళ్ళుగా నా బొమ్మల్లో జనం యుద్ధాలు చూశారు, విడాకులు చూశారు. తప్పు చూసినవాడు ఒక్కడూ లేడు. హోల్క్ గారికి కనిపించలేదు. నాకు కనిపించలేదు. హానుస్‌కు కనిపించింది. "పరాయివాడు వేసినట్టు" అట! అక్కయ్యా, నా జీవితంలో నాకు దొరికిన అసలు సిసలు విమర్శకుడు ఈ మనిషే. ఇతన్ని నేను వెధవను చెయ్యవలసి వచ్చింది.

కాగితం తీశాను. పెన్సిలు తీశాను. వేలెడు ఎడం చూసుకుని తెల్లది గీశాను కూడా. ఎంత బాగా కుదిరిందో! ఆ కాగితాన్ని సగం మడిచాక, క్యాబిన్ గోడ మీద అంటించిన నా సన్నబడిన ముఖం గుర్తుకొచ్చింది. దాన్ని స్టవ్‌లో వేశాను.

తరువాత అతనికి ఇలా రాశాను:

"గౌరవనీయులైన హానుస్ గారికి. చెయ్యి జారలేదు. తెలుపు నేను కోరుకున్న చోటే ఉంది. మీరు దాన్ని ఏదో ప్రదేశంతో పోల్చి చూస్తున్నట్టున్నారు. చాలామంది చేసే పొరపాటే. అది నా బాల్యపు ఒంటరితనం. దానికి కుడి ఎడమలు లేవు. మీ ఆవిడను అడిగానని చెప్పండి."

ఇంత నీతిమాలిన ఉత్తరం నేను ఎన్నడూ రాయలేదు. ప్రతి మాటా పత్రికలో పడ్డదే.

తుమ్మాస్ అన్నయ్య ఏమనుకుంటున్నాడో అలాగే అనుకోనీ. ఆ రెండు వేళ్ళూ నేను జరపవలసినవి. ఆలస్యంగా జరిపాననుకో. నీ రెండో పాపంలో సగం నా పేర రాసుకో.

క్రిస్మస్‌కు వస్తున్నాను. బ్రష్షులు తేవడం లేదు. తుమ్మాస్ తీసుకెళ్తే ఆ రాయి మీదికి వెళ్ళాలని ఉంది. కడుపు తిప్పుతుందని ముందే చెప్పు.

నీ తమ్ముడు,
జాకరిస్.

*

హెల్లావిక్,
డిసెంబరు 13.

చిరంజీవి జాకరిస్‌కు, ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక.

ఉత్తరం అందింది. గదిలో మంట ఈరోజు నుంచే వేశాను, గోడలకు చెమ్మ పోవాలి. తుమ్మాస్ తీసుకెళ్తానన్నాడు. పాత బకెట్ ఒకటి కడిగి పెట్టాడు.

నీ జవాబు హానుస్‌కు మంగళవారం చేరింది. నిన్న ప్రార్థన కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఈ లోకపు ఆధునిక కళ అంతా ఒట్టి మోసమనీ, అందులో దేవుడు సృష్టించిన ఏ వస్తువూ దాని చోట ఉండదనీ, విశ్వాసులెవరూ దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదనీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కీర్తనల పుస్తకంలో ముఖం పెట్టుకున్నాను.

తుమ్మాస్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

మాలన్.